బీరువాలో నీటి లెక్కలు, వికీలో వెతుకులాట

క్రీ.శ. 1388లో విజయనగర రాజు రెండవ హరిహరరాయల కుమారుడు ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో ఉండగా, జలసూత్రంలో ఆరితేరిన సింగయభట్టును పిలిపించి ఒక పని అప్పగించాడు. పెన్నా నీటిని కాలువ తవ్వి పెనుకొండకు రప్పించాలి. సింగయభట్టు ఆ నీటిని సిరువేర చెరువుకు తెచ్చాడు. పని చెప్పినవారి పేరు, చేసినవారి పేరు, ఏ నది నుంచి ఏ చెరువుకు అన్న వివరం అంతా శాసనంగా రాతిమీద నిలిచింది.

అంతకు 19 ఏళ్ల ముందు, 1369లో, కడప సీమలోని పోరుమామిళ్ల చెరువు శాసనం ఇంకా వివరంగా రాశారు. విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు తవ్వించిన ఆ చెరువు నేటికీ ఉంది. మంచి చెరువుకు కావలసిన 12 అంగాలను, ఉండకూడని 6 దోషాలను ఆ శాసనం వరసగా చెబుతుంది. జలశాస్త్రం తెలిసిన మనిషి ఉండాలి, నేల గట్టిగా ఉండాలి, కట్ట రాతితో బలంగా ఉండాలి. కట్టలోంచి నీరు ఊరకూడదు, చవుడు నేల పనికిరాదు, చెరువు నడుమ మిట్ట ఉండకూడదు. రోజుకు 1000 మంది కూలీలు, రాయి మోయడానికి 100 బండ్లు, మొత్తం రెండేళ్లు పట్టిందని లెక్క కూడా అందులోనే ఉంది. అంటే ఒక సాంకేతిక పత్రంలో ఉండవలసినవన్నీ అందులో ఉన్నాయి: ప్రమాణాలు, జాగ్రత్తలు, మనుషులు, సామాను, కాలం.

రాతిమీది రాతకు ఒక గొప్ప గుణం ఉంది. అది అందరి కళ్లముందూ ఉంటుంది. ఒక లోటూ ఉంది. చెరువు మారినా రాత మారదు. తర్వాత వచ్చిన కాగితానికి సరిగ్గా తిరగబడిన గుణాలు. కొట్టేసి రాసుకోవచ్చు, కొత్త పేజీ చేర్చుకోవచ్చు. కానీ అది బీరువాలో ఉంటుంది, బీరువా తాళం ఒకరి దగ్గర ఉంటుంది. అందరికీ కనబడుతూ, ఎప్పటికప్పుడు మారుతూ, అడిగిన మాట చప్పున చూపించే రాత కావాలంటే ఏం చేయాలి? కంప్యూటర్ శాస్త్రం ఈ ప్రశ్నకు ఇచ్చిన మంచి జవాబుల్లో ఒకటి వికీ. అది ఎలా పనిచేస్తుందో, తెలుగులో అది నిలబడాలంటే ఏమేం కావాలో, అనంతపురం వంటి కరువు సీమకు అది ఎందుకు అవసరమో చూద్దాం.

ఒక బోరు వెనక ఎన్ని కాగితాలు

అనంతపురం పీఠభూమి పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉంది. నైరుతి రుతుపవనాలు కనుమలకు అవతలే చాలా తడి వదిలేసి వస్తాయి. ఈశాన్య రుతుపవనాలు తీరంలో కురిసి ఇక్కడికి చేరేసరికి బలహీనపడతాయి. ఏడాది సగటు వర్షం సుమారు 550 మి.మీ. అదైనా ఏటా ఒక తీరుగా రాదు. కింద ఉన్నది ఎక్కువగా గ్రానైట్, నైస్ శిలలు. ఇసుక నేలల్లోలాగా నీరు అంతటా పరుచుకుని ఉండదు. పైన శిథిలమైన రాతి పొరలోను, దాని కింద గట్టి రాతి పగుళ్లలోను మాత్రమే నిలుస్తుంది. అందుకే ఒక చోట రెండు ఇంచుల నీళ్లు పడితే, పక్క చేనిలో వేసిన బోరులో పొడి దుమ్మే వస్తుంది.

ఇలాంటి నేలలో బోరు లాగ్ అనే కాగితం విలువ చాలా ఎక్కువ. ఎన్ని అడుగుల దాకా మన్ను, ఎక్కడ మెత్తరాయి, ఎక్కడ గట్టిరాయి మొదలైంది, ఎన్ని అడుగుల దగ్గర పగులు తగిలింది, కేసింగ్ పైపు ఎంత దించారు, నీళ్లు ఎన్ని ఇంచులు పడ్డాయి అన్నది అందులో ఉంటుంది. ఫెయిలైన బోరు లాగ్‌కు కూడా అంతే విలువ ఉంది. ఫలానా చోట 600 అడుగులు వేసినా చుక్క పడలేదన్న సంగతి ఆ పక్క రైతుకు తెలిస్తే, అప్పు చేసి అక్కడే మరో పాయింటు వేయించే ముందు ఆలోచిస్తాడు. కానీ ఫెయిలైన బోరు కథను ఎవరూ రాసి ఉంచుకోరు. బోరు బండి వెళ్లిపోవడంతోనే ఆ సమాచారమూ పోతుంది.

ఊరికి తాగునీరిచ్చే పథకంలో కాగితాలు ఇంకా ఎక్కువ. మోటారు ఎన్ని హెచ్‌పి, పంపు ఎన్ని స్టేజీలది, ఎన్ని అడుగుల లోతున దించారు, స్టార్టర్ కనెక్షన్ ఎలా ఇచ్చారు, గేటు వాల్వులు ఎక్కడెక్కడ పూడ్చారు, ఎయిర్ వాల్వు ఏ గట్టుమీద ఉంది, ఓవర్‌హెడ్ ట్యాంకు ఎప్పుడు కడిగారు, క్లోరిన్ ఎంత కలపాలి, ఫ్లోరైడ్ పరీక్షలో ఎంత వచ్చింది. ఫ్లోరైడ్ సంగతి ఇక్కడ ప్రాణంతో సమానం. తాగేనీటిలో లీటరుకు 1 మి.గ్రా. దాటకుండా ఉండటం మంచిదని, వేరే నీరు దొరకనిచోట కూడా 1.5 మి.గ్రా. మించరాదని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. ఏ బోరులో ఎంత ఉందో పాత ఫలితాలు చూడకుండా ట్యాంకుకు కొత్త బోరు కలపడం ప్రమాదం.

ఈ సీమలో నీటి వ్యవస్థలు చిన్నవి కావు. 1990ల మధ్యలో మొదలైన సత్యసాయి తాగునీటి పథకం ఒక్కటే 700కు పైగా ఊళ్లకు పైపులు వేసింది. తుంగభద్ర నీటిని ఎగువ కాలువ (హెచ్చెల్సీ), కృష్ణా నీటిని హంద్రీనీవా పథకం ఇక్కడికి చేరుస్తున్నాయి. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాల్లో ఇంజినీరింగ్ అసిస్టెంట్లు వచ్చారు. అయితే మనుషులు బదిలీ అవుతారు, పదవీ విరమణ చేస్తారు. ముప్పై ఏళ్లు పంప్‌హౌస్‌లో పనిచేసిన ఆపరేటరుకు ఏ వాల్వు ఎన్ని తిప్పులు తిప్పితే ఏ వీధికి నీళ్లు పోతాయో చేతికి తెలుసు. ఆయన వెళ్లిపోయాక ఆ వీధిలో నీళ్లు ఎందుకు రావడం లేదో ఎవరికీ తెలియదు. వేసవిలో, ట్యాంకరు కోసం బిందెలు వరస కట్టిన రోజున, పాత కాగితాల కోసం వెతుక్కునే తీరిక ఎవరికీ ఉండదు.

రైతులు రాసిన రిజిస్టర్లు

నీటి లెక్కలు రాయడం చదువుకున్న ఇంజినీర్లకే సాధ్యమన్న మాట నిజం కాదని ఈ ప్రాంతమే రుజువు చేసింది. 2003లో మొదలైన ‘ఆంధ్రప్రదేశ్ రైతుల యాజమాన్యంలో భూగర్భ జల వ్యవస్థల పథకం’ అనంతపురంతో సహా 7 కరువు జిల్లాల్లో నడిచింది. నెదర్లాండ్స్ ఆర్థిక సాయం, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటు దానికి ఉన్నాయి. వందల ఊళ్లలో రైతులే, ఆడవాళ్లూ మగవాళ్లూ, వర్షమాపకంలో వాన కొలిచారు. పరిశీలన బావుల్లో నీటిమట్టం కొలిచి రిజిస్టర్లలో రాశారు. ఊరి గోడమీద, బోర్డుమీద ఆ అంకెలు అందరికీ కనబడేలా పెట్టారు. రబీకి ముందు కూర్చుని, భూమిలో ఎంత నీరుంది, ఏ పంటకు ఎంత పడుతుంది, మిగిలేది ఎంత అని లెక్క కట్టారు. ఫలానా పంట వేయాలని ఎవరూ ఆజ్ఞాపించలేదు. అంకెలు కళ్లముందు ఉంటే నిర్ణయం ఎవరిది వారే తీసుకోగలరని ఆ పథకం నమ్మింది.

గోడమీది అంకె ఆ ఊరికి ఆ ఏడాదికి సరిపోతుంది. పదేళ్ల కిందటి కరువులో ఇదే బావి ఎంత లోతుకు పోయింది, పక్క ఊళ్లో అప్పుడు ఏం చేశారు అని అడగాలంటే గోడ చాలదు. రిజిస్టర్లన్నీ ఒకచోట చేరాలి, వాటిలో వెతకగలగాలి. వికీ పని ఇక్కడ మొదలవుతుంది.

వికీ పుట్టిందే పనివాళ్ల కోసం

వికీ అనగానే మనకు వికీపీడియా గుర్తొస్తుంది. కానీ వికీ అంతకన్నా ముందే పుట్టింది. అమెరికన్ ప్రోగ్రామర్ వార్డ్ కనింగ్‌హామ్ 1995 మార్చిలో మొదటి వికీని తెరిచాడు. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు తమ పనిలో నేర్చుకున్న పద్ధతులను ఒకచోట రాసుకోవడానికి, ఒకరి రాతను మరొకరు మెరుగుపరచడానికి ఆయన దాన్ని తయారుచేశాడు. విజ్ఞాన సర్వస్వం ఆలోచన తర్వాత వచ్చింది. 2001 జనవరిలో వికీపీడియా మొదలైంది. దానికోసం రాసిన మీడియావికీ సాఫ్ట్‌వేర్ ఉచితం. ఏ ఆఫీసైనా, ఏ సంఘమైనా తన కంప్యూటర్లో పెట్టుకుని, తనవాళ్లకే కనబడేలా నడుపుకోవచ్చు.

వికీలోని ముఖ్యమైన ఏర్పాట్లు కొద్దివే. ఒక్కో విషయానికి ఒక్కో పేజీ. పేజీ నుంచి పేజీకి లంకెలు. ‘ఫలానా ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకు’ పేజీలో ‘గేటు వాల్వు మరమ్మతు’ అన్న మాటమీద నొక్కితే ఆ పేజీ తెరుచుకుంటుంది. మరమ్మతు పద్ధతి ఒక్కచోటే రాస్తారు, వంద ట్యాంకుల పేజీలు దాన్ని చూపిస్తాయి. పద్ధతి మారితే ఆ ఒక్క పేజీ దిద్దితే చాలు. ఫొటోస్టాట్ కాపీలతో వచ్చే పెద్ద చిక్కు ఇక్కడ తీరిపోతుంది. నాలుగు ఆఫీసుల్లో నాలుగు కాపీలు, ఏది తాజాదో తెలియని స్థితి ఉండదు.

రెండోది పేజీ చరిత్ర. ప్రతి మార్పూ తేదీ, సమయం, చేసినవారి పేరుతో నిలుస్తుంది. పాత కూర్పు చెరిగిపోదు. రెండు కూర్పులను పక్కపక్కన పెట్టి తేడా చూపించే పని కంప్యూటరుది. రెండిట్లోనూ ఒకే వరసలో ఉన్న భాగాన్ని వీలైనంత పొడుగ్గా కనిపెట్టి, మిగిలినదాన్ని చేర్చినది, తీసేసినది అని విడదీస్తుంది. ఎవరైనా ‘7.5 హెచ్‌పి’ని పొరపాటున ‘75 హెచ్‌పి’గా మార్చితే ఆ ఒక్క మార్పు రంగుతో కనబడుతుంది. ఒక్క నొక్కుతో పాతది తిరిగి వస్తుంది. అందరూ దిద్దగలిగితే తప్పులు పెరుగుతాయన్న భయానికి ఇదే జవాబు. తప్పు జరుగుతుంది, కానీ దాగదు.

మూడోది చర్చా పేజీ. ప్రతి పేజీకీ వెనక మాట్లాడుకునే చోటు ఒకటి ఉంటుంది. ‘ఈ లోతు నేను కొలిచినదానికి సరిపోవడం లేదు’ అని ఒకరు రాస్తే, కొలిచినవారు జవాబిస్తారు. నిర్ణయం ఎందుకలా తీసుకున్నారో పదేళ్ల తర్వాత వచ్చినవారికి కూడా తెలుస్తుంది.

వెతకడం వెనక శాస్త్రం

పేజీలు వందల్లో ఉన్నప్పుడు లంకెలు పట్టుకుని వెళ్లవచ్చు. వేలల్లోకి వస్తే వెతుకుపెట్టె కావాలి. అడిగిన ప్రతిసారీ కంప్యూటర్ అన్ని పేజీలూ మొదటినుంచి చదవదు. ముందే ఒక పట్టిక తయారుచేసి ఉంచుకుంటుంది. పుస్తకం చివర పదసూచిలో మాట పక్కన పేజీ నంబర్లు ఉన్నట్టే, ఈ పట్టికలో ప్రతి మాట పక్కనా అది ఏయే పేజీల్లో ఉందో ఉంటుంది. ‘మోటారు’ అన్న మాట 12, 40, 77 పేజీల్లో ఉందనుకుందాం. ‘వేడి’ అన్నది 40, 91 పేజీల్లో ఉందనుకుందాం. ‘మోటారు వేడి’ అని అడిగితే రెండు జాబితాల్లోనూ ఉన్న 40వ పేజీ బయటికి వస్తుంది. లక్ష పేజీలున్నా ఈ పని రెప్పపాటులో అవుతుంది.

చాలా పేజీలు దొరికితే ఏది పైన చూపించాలి? 1972లో బ్రిటిష్ శాస్త్రవేత్త కారెన్ స్పార్క్ జోన్స్ దీనికి ఒక చక్కని సూత్రం చెప్పింది. ఒక మాట ఎన్ని తక్కువ పత్రాల్లో ఉంటే దానికి అంత ఎక్కువ బరువు ఇవ్వాలి. నీటి పథకం వికీలో ‘నీరు’ అన్నది దాదాపు ప్రతి పేజీలోనూ ఉంటుంది కాబట్టి అది పేజీలను వేరుచేయలేదు. ‘సింగిల్ ఫేజింగ్’ (మోటారుకు మూడు ఫేజుల్లో ఒకటి అందకపోవడం) అన్నది రెండు మూడు పేజీల్లోనే ఉంటుంది కాబట్టి అదే దారి చూపుతుంది. ఒక పేజీలో ఆ మాట ఎన్నిసార్లు వచ్చిందన్న లెక్కను దీనికి కలిపితే వరస తయారవుతుంది. నేటి వెతుకు సాఫ్ట్‌వేర్లలో చాలావాటి పునాదిలో ఈ ఆలోచన ఉంది.

తెలుగు అడిగే ప్రత్యేక శ్రద్ధ

ఇంతవరకూ చెప్పింది ఏ భాషకైనా పనికొస్తుంది. తెలుగు దగ్గరికి వచ్చేసరికి పని పెరుగుతుంది. మన మాటలకు విభక్తులు, బహువచనాలు అంటుకుని ఉంటాయి. బావి, బావికి, బావిలో, బావులు, బావుల్లో, బావిలోంచి. కంప్యూటరుకు ఇవి ఆరు వేరువేరు మాటలు. ‘బావి’ అని అడిగితే ‘బావుల్లో నీటిమట్టం’ అన్న పేజీ దొరకదు. అందుకే చివరి ప్రత్యయాన్ని కోసి మూలరూపం పట్టుకునే పద్ధతి కావాలి. ల్యూసీన్ అనే ఉచిత వెతుకు సాఫ్ట్‌వేరులో తెలుగుకు ఇలాంటి ఏర్పాటు ఉంది. అయినా చివర కోసినంత మాత్రాన అన్నీ కుదరవు. నీరు ‘నీటిని’ అవుతుంది, రాయి ‘రాతిలో’ అవుతుంది, ఊరు ‘ఊళ్లు’ అవుతుంది. వీటికి చిన్న నిఘంటువు చేర్చాలి.

తర్వాత సంధి. ‘నీరాగింది’ అని రాస్తే అందులో ‘నీరు’ ఉందని మనకు తెలుసు, పట్టికకు తెలియదు. దీనికి ఒక ఉపాయం ఉంది. గుణింతపు గుర్తులనూ విడిగా లెక్కపెట్టి, మాటను మూడేసి అక్షరాల ముక్కలుగా కూడా పట్టికలోకి ఎక్కించి, ఎక్కువ ముక్కలు కలిసిన పేజీని చూపించడం. అక్షరదోషాలున్నా ఇది పనిచేస్తుంది. అక్కరలేని పేజీలు కొన్ని వెంట రావడం దానికి చెల్లించే ధర.

ఇంకో చిక్కు వర్క్‌షాపు మాటలది. మోటార్, మోటారు, మోటరు. వాల్వ్, వాల్వు. బోరుబావి, బోరు బావి, బోర్‌వెల్. ఎవరి అలవాటు వారిది. పంటల పేర్లలోనూ అంతే. పుస్తకంలో వేరుశనగ అని ఉన్నదాన్ని ఈ సీమ రైతు శనక్కాయలంటాడు, బుడ్డలంటాడు. పుస్తకంలో వాగు, ఇక్కడ వంక. ఈ మాటల్లో ఒకదాన్ని సరైనదిగా తేల్చి మిగతావాటిని కొట్టేయడం తప్పు. వికీలో దారిమార్పు పేజీ అనే ఏర్పాటు ఉంది. ‘బుడ్డలు’ అని రాసినా, ‘శనక్కాయలు’ అని రాసినా ‘వేరుశనగ’ పేజీకే వెళ్తారు. ఆపరేటరు ఏ మాటతో వెతుకుతాడో ఆ మాటకు దారి వేయడం వికీ నడిపేవారి మొదటి బాధ్యత. ఇది సాఫ్ట్‌వేర్ పని కంటే ఎక్కువగా మనుషుల మాట వినే పని.

కంటికి కనబడని చిక్కు కూడా ఒకటి ఉంది. ‘బోర్‌వెల్’ అన్న మాటలో ర్, వె అనే అక్షరాలు కలిసి వత్తుగా మారకుండా ఆపడానికి మధ్యలో ఒక శూన్య అక్షరం ఉంటుంది. తెరమీద కనబడదు, కంప్యూటరుకు ఉంటుంది. ఒకరు అది పెట్టి రాసి, మరొకరు పెట్టకుండా వెతికితే రెండూ కలవవు. పట్టిక తయారుచేసేటప్పుడే దాన్ని తీసేసి చూసేలా అమర్చుకోవాలి.

కాగితాన్ని అక్షరాలుగా మార్చడం

ఆఫీసుల్లో ఇప్పటికే కంప్యూటర్లో ఉన్న తెలుగు పత్రాల్లో చాలావరకు డీటీపీ కాలంనాటివి. అను వంటి పాత ఫాంట్లలో టైపు చేసినవి. తెరమీద తెలుగు కనబడుతుంది కానీ లోపల దాచినవి వేరే సంకేతాలు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. వెతుకుపెట్టెకు అందులో ఒక్క తెలుగు మాటా దొరకదు. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కింది. ప్రతి తెలుగు అక్షరానికీ ప్రపంచమంతటా ఒకే సంఖ్య. పత్రం యూనికోడ్‌లోకి మారితేనే వికీలోకి రావడానికి అర్థం ఉంటుంది.

ఈ మార్పిడికి బాట వేసినవారిలో వెన్న నాగార్జున ఒకరు. పాత ఫాంట్ల తెలుగును యూనికోడ్‌గా మార్చే ‘పద్మ’ అనే ఉపకరణం ఆయన చేసినదే. 2003 డిసెంబరు 10న తెలుగు వికీపీడియా మొదలవడం వెనకా ఆయన కృషే ఉంది. అక్షరాలను మార్చడం, వికీని తెరవడం అనే రెండు పనులు ఒకే మనిషి చేతిమీదుగా సాగడం నాకు ఎంతో సమంజసంగా తోస్తుంది. ఒకటి లేకుండా రెండోది నిలబడదు.

కాగితంమీదే ఉన్నవాటిని స్కాన్ చేయాలి. స్కాన్ చేసిన పీడీఎఫ్ ఒక ఫొటో మాత్రమే, అందులో వెతకలేం. ఫొటోలోని అక్షరాలను గుర్తించి పాఠంగా మార్చే సాఫ్ట్‌వేర్లు తెలుగుకు కూడా ఉన్నాయి. అచ్చు పేజీలను అవి బాగానే చదువుతాయి. ప, వ లాంటి జంటల దగ్గర, మాసిన కాగితంమీద తడబడతాయి. చేతిరాత రిజిస్టర్ల దగ్గర ఇంకా ఎక్కువ తడబడతాయి. మాట తప్పితే చదివేవారు సర్దుకుంటారు, అంకె తప్పితే సర్దుకోలేరు. ఫ్లోరైడ్ 1.5లో చుక్క ఎగిరిపోతే 15 అవుతుంది. కాబట్టి అంకెలున్న ప్రతి పట్టికనూ ఒక మనిషి కాగితంతో సరిపోల్చి చూడాలి. స్కాన్ బొమ్మను కూడా ఆ పేజీలోనే ఉంచాలి. ఎప్పుడు అనుమానం వచ్చినా మూలం పక్కనే ఉండాలి.

ఊళ్ల పేజీలు చెప్పే పాఠం

తెలుగులో ఇది సాధ్యమా అన్న అనుమానం అక్కర్లేదు. తెలుగు వికీపీడియాలో అనంతపురం సీమ ఊళ్ల పేజీలు తెరిచి చూడండి. 2011 జనగణన పుస్తకాల పట్టికల్లో ఉన్న సమాచారాన్ని స్వచ్ఛందంగా పనిచేసే సభ్యులు ఊరూరి పేజీలోకి తెచ్చారు. జనాభా, బడులు, వైద్య సౌకర్యం, తాగునీరు, రోడ్లు, భూమి వినియోగం ఎంత, బావులు బోరుబావుల కింద సాగయ్యే నేల ఎంత అన్నవి తెలుగు వాక్యాలుగా ఉన్నాయి. ప్రభుత్వ పట్టికలో ఒక వరసగా, సంకేతాలతో ఉన్నది ఊరివాళ్లు తమ భాషలో తమ ఊరి పేరుతో వెతికి చదువుకునేలా మారింది.

2022 ఏప్రిల్ 4న అనంతపురం జిల్లా రెండైంది. పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడి పెనుకొండ, ధర్మవరం, కదిరి, హిందూపురం అటు వెళ్లాయి. అచ్చు పుస్తకమైతే ఆ రోజుతో పాతబడేది. వికీలో పేజీలను కొత్త జిల్లాకు మార్చి, ఇదివరకు ఏ జిల్లాలో ఉండేదో కూడా రాశారు. మార్పును తట్టుకునే రాత అంటే ఇదే.

ఆ పేజీలే మరో పాఠమూ చెబుతాయి. 2011 నాటి బోరుబావుల లెక్క నేటి లెక్క కాదు. మధ్యలో ఎన్నో ఎండిపోయాయి, ఎన్నో కొత్తవి వచ్చాయి. ఆ పేజీల్లో జనగణన ఏడాది చెప్పి ఉంది కాబట్టి చదివేవారు మోసపోరు. ఆఫీసు వికీలోనూ ప్రతి అంకె పక్కనా మూడు సంగతులు ఉండి తీరాలి: ఎప్పుడు కొలిచారు, ఎవరు కొలిచారు, దేనితో కొలిచారు. తేదీ లేని నీటిమట్టం వదంతితో సమానం.

ఎక్కడ మొదలుపెట్టాలి

బీరువా మొత్తం ఒకేసారి స్కాన్ చేద్దామని బయలుదేరితే పని నడుమనే ఆగుతుంది. సిబ్బంది ఒకరికొకరు ఎక్కువగా ఫోన్ చేసి అడిగే ప్రశ్నలు ముందు రాసుకోవాలి. మోటారు ట్రిప్పవుతోంది, ఏం చూడాలి? ఈ ట్యాంకుకు నీళ్లు ఏ బోరునుంచి వస్తాయి? క్లోరిన్ ఎంత కలపాలి? వాటికి జవాబుగా తలో పేజీ రాయాలి. పేజీ పేరు ఆఫీసు భాషలో కాకుండా అడిగేవారి మాటలో ఉండాలి. పని మెట్లు మెట్లుగా ఉండాలి. కరెంటు ఆపడం వంటి జాగ్రత్త మొదటి మెట్టులోనే ఉండాలి. ప్యానెల్ బోర్డు, వాల్వు గుంత ఫొటోలు ఫోనుతో తీసి పెట్టవచ్చు.

రాయడం అలవాటు లేని ఆపరేటర్లకు పెన్ను ఇచ్చి రాయమంటే రాయరు. వారు మాట్లాడుతుంటే పక్కన కూర్చుని రాసుకోవాలి, తర్వాత చదివి వినిపించి సరిచూసుకోవాలి. పేజీమీద వారి పేరు వారి అనుమతితో ఉండాలి. శాసనంలో సింగయభట్టు పేరు నిలిచినప్పుడు, ఊరికి ముప్పై ఏళ్లు నీళ్లు పంపిన మనిషి పేరు వికీ పేజీమీద నిలవడం న్యాయం.

ప్రతి పేజీకీ ఒక బాధ్యుడు, మళ్లీ సరిచూడవలసిన తేదీ ఉండాలి. పాతబడిన పేజీ అసలు పేజీ లేకపోవడం కంటే ప్రమాదం, ఎందుకంటే దాన్ని నమ్మి పని చేస్తారు. కరెంటు, నెట్ ఎప్పుడూ ఉంటాయని అనుకోకూడదు. నెట్ లేకుండా వికీ పేజీలు చదువుకునేందుకు కివిక్స్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. వికీ మొత్తాన్ని అప్పుడప్పుడు ఫోనులోకి దించుకుని పంప్‌హౌస్‌కు తీసుకెళ్లవచ్చు. మూలప్రతికి వేరే చోట నకలు తప్పనిసరి.

అందరికీ తెరవకూడనివీ ఉన్నాయి. ఫిర్యాదు రిజిస్టర్లలోని ఫోన్ నంబర్లు, ఆధార్ వివరాలు వికీలోకి రాకూడదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం ఈ విషయంలో బాధ్యతను గుర్తుచేస్తోంది. నీటి పథకంలో ఎవరైనా హాని చేయగల చోట్ల వివరాలు సిబ్బందికే కనబడాలి. దిద్దే హక్కు ఎవరికి, చూసే హక్కు ఎవరికి అన్నది మొదటిరోజే తేల్చుకోవాలి.

చట్టం ముందే అడిగింది

ఇదంతా ఎవరి దయాదాక్షిణ్యమూ కాదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ప్రతి ప్రభుత్వ కార్యాలయమూ తన రికార్డులను వర్గీకరించి, సూచికలు తయారుచేసి, వీలైనంతలో కంప్యూటరీకరించాలని చెప్పింది. అంతకు ముందే 2002లో వచ్చిన వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద బావులు, బోర్లు నమోదు చేయాలి. చట్టాలు అడిగిన ఈ సమాచారమంతా వెతకగలిగే తెలుగు రూపంలో ఊరికి చేరితే, ఎండిన బోరు పక్కనే మరో బోరు వేసి అప్పులపాలయ్యే కుటుంబాల్లో కొన్నయినా నిలబడతాయి.

మీరు నీటి సరఫరాలోనో, భూగర్భ జల శాఖలోనో, సచివాలయంలోనో, వాటర్‌షెడ్ సంఘంలోనో పనిచేస్తుంటే మీకు నా మనవి ఒక్కటే. మీ తర్వాత వచ్చేవారికి తప్పకుండా తెలియాల్సిన ఒక్క పని ఎంచుకోండి. దాన్ని యూనికోడ్ తెలుగులో, తేదీతో, ఫొటోతో ఒక పేజీగా రాయండి. మీ ఆఫీసులో పదవీ విరమణకు దగ్గరపడిన పెద్దాయనతో ఒక పూట కూర్చోండి. వికీ సాఫ్ట్‌వేర్ ఉచితం, మీడియావికీ నడపడానికి మామూలు కంప్యూటర్ చాలు. కావలసింది రాసేవాళ్లు. కరువు వచ్చాక రాయడం కుదరదు, వర్షాలు బాగున్న ఏడాదే మొదలుపెట్టండి.